తోవ దిగి తొమ్మిది అడుగులు

ఆదివారం పొద్దుగాల అయిదున్నరకు
హన్మకొండ చౌరస్తాల చాయ్ బండి కాడ
నలుగురం కలుస్తం.
సారంగపాణి జీపుకు హారన్ లేదు, తీసేయించిండు.
ఎందుకని ఎవ్వరం అడగలే.

ఎలీషా సార్ సిగ్నల్స్‌ల చేసిండు,
ఇప్పుడు బ్యాంకు ముందల స్టూలు మీద తుపాకి పట్టుకొని కూసుంటడు.
లకావత్ చత్రు పెన్షన్ మీదొచ్చి ఏడేండ్లు,
ఇంకా బూట్లు తలాపున పెట్టుకొనే పంటడట.
నేను మొగిలి. ఇంజినీర్ల పల్టన్.
పద్నాలుగేండ్లు నా కొలువు
భూమిని అనుమానించుడు.

నర్సంపేట దాటి పాకాల అడవికి పోతం.
మొక్కు గాదు, వేట గాదు. నడుస్తం.
"మాట్లాడాలె" అన్నది దవాఖానల డాక్టరమ్మ మొదటిసారి.
నేను గోడ మీది క్యాలెండర్ చూసిన.
రెండోసారి, "పోనీ, నడువుండ్రి" అన్నది.

మొదటి ఆదివారం చత్రు ముందల, నేను ఎనుక.
వాని అడుగు ఎక్కడ పడితే నాది అక్కడ,
ఇంచు అటిటు గాకుంట.
అంత పెద్ద అడవిల నేను చూసింది
ఒక్క జత బూట్ల గుర్తులే.
నెమలి కూసిందట. చెరువు మీద పొగమంచు లేసిందట.
జీపుల కూసున్నంక వాళ్లు చెప్తే ఇన్న.

ఇంట్ల సరోజన నాకు చెప్పకుంట చానా సర్దింది.
విజిల్ రాకముందే కుక్కర్ దించుతది.
దీపావళి రాత్రి నన్ను బాత్రూంల కూసోబెట్టి
నల్లా ఇడిసి పక్కన కూసున్నది,
నీళ్ల సప్పుడుల పటాకలు మునగాలని.

ఈ అడవి సుత తక్కువ చూడలే.
నా చిన్నప్పుడు పొద్దూకితే ఈ తోవల మనిషి కనపడకపోవు.
రాత్రిపూట రెండు తీర్ల బూట్ల సప్పుడు.
కల్వర్టు వచ్చిందంటే బస్సుల ఆడోళ్లు
కొంగు నోట్లె కుక్కుకునేటోళ్లు.
ఇయ్యాల అదే కల్వర్టు పక్కన
తునికాకు కట్టలు ఎండుతున్నయ్.
ఎట్ల మర్చినవే అని అడుగబుద్ధయితది.
అది జవాబియ్యదు. ఆకులు రాలుస్తది.

పదకొండో ఆదివారం.
తోవకు కుడిపక్క తునికి చెట్టు,
పండ్లు పచ్చగ, చేతికందే ఎత్తుల.
మధ్యల తొమ్మిది అడుగులు,
మోకాలి కిందిదాక ఎండుటాకు.
నా కండ్లు వాటి పని అవి మొదలువెట్టినయ్:
దారమేమన్న ఉన్నదా, మట్టి రంగు మారిందా,
చీమలు ఎందుకు సుట్టు తిరిగి పోతున్నయ్.

బల్కార్ కాలు పెట్టిన జాగ
గింతే మామూలుగుండె.
సాఫ్ ఉన్నది, రా, అని
నేను చెప్పిన జాగ అది.

ఎంతసేపు నిలబడ్డనో.
ఎనుక ముగ్గురు ఆగిండ్రు. ఎవ్వరు పిలువలే.
ఎలీషా సార్ ఆగిపోయిన తన వాచీకి
చావి ఇచ్చుకుంట నిలబడ్డడు.

దిగిన.
ఒకటి. రెండు.
నాలుగో అడుగుకు కాలికింద
పుల్ల ఇరిగింది.
పుల్లనే ఇరిగింది.

చెట్టు పట్టుకున్నంక తెలిసింది
అంగీ మొత్తం తడిసిందని.
అయిదు పండ్లు తెంపిన. రెండిట్ల పురుగు.
వచ్చేటప్పుడు నా అడుగుల మీద నేనే వచ్చిన,
అబద్ధమెందుకు.
చత్రు పండు చీకుకుంట "వగరుగుంది" అన్నడు.
గింజ అడవిలకు ఊంచిండు,
అది పడ్డ కాడ ఏం కాలే.

ఒకటి సరోజనకు తెచ్చిన.
చేతుల పట్టుకొని పండును గాదు,
నా బూట్లకు అంటిన ఆకుపొట్టును చూసింది.

ఆ రాత్రి కుక్కర్ ఒక విజిల్ ఏసింది.
తను బట్టలారేసేకాడి నుంచి ఉరికొచ్చింది.
"ఉండనియ్" అన్న.
రెండోదానికి
నేనే లేసి బంజేసిన.